నల్ల నేరం

తమిళనాడులో తిరుత్తణి పక్కనున్న కే.జీ.కండిగైలో ఎవరింట్లో ఏం వండారో కుప్పమ్మ వాసన పట్టి చెప్పేస్తుంది. ఏ నవలలో ఎవరు చంపారో నలభయ్యో పేజీకల్లా చెప్పేస్తుంది. మొదటి విద్య ఆ ఊళ్ళో చాలామందికి ఉంది. చిక్కంతా రెండోదానితోనే వచ్చింది.

తిరుత్తణి బజారులో పచ్చయ్యప్ప అద్దె పుస్తకాల కొట్టు నడిపిన రోజుల్లో ఆమె చదివి ఇచ్చిన ప్రతి మర్డర్ నవలలోనూ నలభయ్యో పేజీ అంచున పెన్సిలుతో ఒక పేరు ఉండేది. అది హంతకుడి పేరు. ఆ తర్వాత ఆ పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు పచ్చయ్యప్ప మీదికి పోట్లాటకు వచ్చేవాళ్ళు. "తల్లీ, నువ్వు మహా తెలివైనదానివే, ఒప్పుకుంటా. ఆ పెన్సిలు మాత్రం ఇంట్లో పెట్టి రా" అని ఆయన చేతులు జోడించేవాడు. జనం సెల్‌ఫోన్లలో పడి చదవడం మానేశాక ఆ కొట్టు కాస్తా జిరాక్స్ షాపయింది. మిగిలిన తెలుగు నవలలన్నీ రెండు గోనెసంచుల్లో కుక్కి కుప్పమ్మ ఇంటికే పంపించేశాడు. ఆ సంచులు ఖాళీ అయి కూడా ఏడాది దాటింది.

ఆమె దగ్గరున్న కిటుకు పెద్దదేం కాదు. రాసేవాడు ఎవరికి అక్కర్లేని మర్యాద ఇస్తాడో వాడే హంతకుడు. అందరినీ వాడు, వీడు అంటూ, ఒక్క డాక్టరు దగ్గరికి వచ్చేసరికి వచ్చారు, కూర్చున్నారు, చిరునవ్వు నవ్వారు అని రాశాడంటే, ఆ డాక్టరు చేతిలో ఎవరో చచ్చారన్నమాటే. తెలుగులో రాసేవాళ్ళు ఈ ఒక్కచోట దొరికిపోతారని ఆమె సిద్ధాంతం. ఇంతవరకు తప్పలేదు. తప్పకపోవడమే ఆమె ఏడుపు.

అరవై నాలుగేళ్ళ మనిషికి ఇంకేం కావాలి? నగలు వద్దు, కాశీ వద్దు. ఒకే ఒక్క పుస్తకం తనని మోసం చేయాలి. ఆఖరి పేజీలో "ఓరి నీ కడుపు కాలా, వాడా!" అని నోరు తెరుచుకుని అరవాలి. ఆ అరుపు అరిచి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

కానీ కొత్త పుస్తకాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆమె చదివింది అయిదో తరగతి, అదీ తెలుగు బడిలో. అరవం నోటికి వస్తుంది, కంటికి రాదు. కోడలు రంజితది సరిగ్గా తిరగేసిన కత. పెరియపాళయం పిల్ల, ఇంట్లో తెలుగే, కానీ చదువంతా అరవంలో. తెలుగు అక్షరం చూపిస్తే ముగ్గు చూసినట్టు చూస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే భాష మాట్లాడతారు, ఒకరి పుస్తకం ఒకరికి పనికిరాదు.

ఆ మాట్లాడటం కూడా ఎంతని? కొడుకు యువరాజ్‌కు కాట్టుపల్లి హార్బర్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, ఆదివారం వస్తే వచ్చినట్టు. పెళ్ళయి మూడేళ్ళయినా అత్తాకోడళ్ళ మధ్య ఉప్పు, పప్పు, గ్యాసు సిలిండరు దాటి మాట నడవలేదు. పోట్లాటలు లేవు. పోట్లాడాలన్నా రెండు మాటలుండాలి కదా.

చివరికి కుప్పమ్మే దిగివచ్చింది. "మే, ఆ ఫోన్లో లోకమంతా చూస్తావు గదా. మంచి మర్డర్ పుస్తకం ఏదన్నా ఉంటే చూడరాదా?"

రంజిత చూసింది. ఎవరెవరో ఏవేవో పొగిడి రాసిన జాబితాలు దొరికాయి. "ఇది ఒక్క బిగిన చదివిస్తుందంట అత్తా" అంది.

"ఒక్క బిగిన చదివితే పొయ్యి మీద పాలు ఎవురు చూస్తారు? ఇంకోటి చెప్పు."

"ఇది చదివితే రాత్రిళ్ళు నిద్ర పట్టదంట."

"నాకు ఇప్పుడే పట్టదు. నీ మామ గురక ఇనేటోళ్ళకు దయ్యం ఒక లెక్కా?"

ఎట్లాగో రెండు తెలుగు పుస్తకాలు తెప్పించారు. మొదటిదానిలో హంతకుడు పంతొమ్మిదో పేజీలోనే దొరికిపోయాడు. కుప్పమ్మ పుస్తకాన్ని గూట్లోకి విసిరింది. రెండోదానిలో ఒక పిల్ల జుట్టు గురించి అరవై పేజీలున్నాయి. "ఎవురన్నా సస్తారేమోనని కాసుకోని కూర్చుంటే అందరూ పెండ్లి చేసుకున్నారు!" అని పెద్దగా నిట్టూర్చి, ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం రంజిత చేతిలో ఒక పుస్తకం పట్టుకుని వచ్చింది. దానికి పాత న్యూస్ పేపరు అట్ట వేసి ఉంది. "ఇదొకటి అరవంలో ఉండాది అత్తా. నేను చూసి తెలుగులో చెప్తా, ఇంటావా?"

"పేరేంది?"

రంజిత పుస్తకం తెరిచి ఒక్క క్షణం చూసింది. "నల్ల నేరం."

కుప్పమ్మకు ఒళ్ళు జలదరించింది. "అబ్బ! పేరంటే అదీ! మనోళ్ళు ఉండారు, పువ్వులు, వెన్నెల అని పెడతారు. నేరాల్లోనే నల్లది! చదువు, చదువు."

అట్లా మొదలైంది. రోజూ మూడున్నరకు రంజిత గుమ్మం పక్కన కూర్చుంటుంది, కుప్పమ్మ ఎదురుగా కాళ్ళు చాపుకుంటుంది, కుప్పమ్మ మొగుడు దేవరాజులు బల్ల మీద మొహాన తువ్వాలు వేసుకుని పడుకుంటాడు. ఆయన శనక్కాయ చేను నుంచి వచ్చి ఆ వేళకు నిద్రపోవడం ముప్పై ఏళ్ళ అలవాటు.

కతలో కనకమ్మ అని ఒక ఇంటి యజమానురాలు. తెల్లవారేసరికి సామాన్ల గదిలో బియ్యం డ్రమ్ము పక్కన చచ్చిపడి ఉంది. బీరువా తాళాలు బొడ్లోనే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళంతా గది వాకిట్లో నిలబడ్డారు. ఒక్కొక్కరికీ పాత సంగతులు గుర్తుకొస్తున్నాయి, ఆ సంగతులే కత.

ఈ కనకమ్మ ఎట్లాంటిదంటే, డబ్బాలో అప్పడాలు లెక్కపెట్టి మూత పెడుతుంది. కోడలు ఫోన్లో పుట్టింటివాళ్ళతో మాట్లాడుతుంటే గోడ పక్కన చేరి వంద సార్లు కడిగిన చెంబునే మళ్ళీ కడుగుతుంది. పొద్దున కాఫీ గ్లాసు నోట్లో పెట్టుకోగానే, "ఇది కాఫీనా, గుడ్డలు పిండిన నీళ్ళా?" అంటుంది. ఆ మాట విని కుప్పమ్మ పడీ పడీ నవ్వింది.

"ఇట్లాంటిదాన్ని చంపినోడికి దండేసి ఊరేగించాల! ఆ కోడలు బిడ్డ ఎట్లా ఓర్చుకుండాదో పాపం."

రంజిత పుస్తకంలోంచి తల ఎత్తలేదు. బల్ల మీద దేవరాజులు పొట్ట అదిరింది. నిద్రలో కూడా నవ్వేమిటి ఈ మనిషికి అని కుప్పమ్మ విసుక్కుంది.

మొదటి వారంలో మొగుడే చంపాడని తేల్చింది. ఆ మొగుడు నలభై ఏళ్ళుగా ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడిన పాపాన పోలేదు, సగంలోనే కనకమ్మ అందుకుంటుంది. రెండో వారంలో పాలావిడ మీద అనుమానం పడింది. పాలల్లో నీళ్ళున్నాయని కనకమ్మ ఆమె మొహాన్నే చెంబు గుమ్మరించింది మరి. మూడో వారంలో కొడుకు. పెళ్ళాంతో సినిమాకు పోతానంటే కనకమ్మకు గుండెనొప్పి వస్తుంది, సినిమా మానుకుంటే తగ్గిపోతుంది. "చంపడానికి కారణం లేనోడు ఈ కతలో ఒక్కడూ లేడే!" అని కుప్పమ్మ తొడ మీద చరుచుకుని మురిసిపోయింది.

మర్యాద కిటుకు ఇక్కడ పనిచేయలేదు. రంజిత నోట్లో మగవాళ్ళంతా ఆయప్ప, ఆడవాళ్ళంతా ఆయమ్మ. పాలావిడా ఆయమ్మే, కనకమ్మా ఆయమ్మే. ఎవరి మీదా ఒక్క గింజంత ఎక్కువ మర్యాద లేదు. పేజీ నలభై ఏనాడో దాటిపోయింది, కుప్పమ్మకు హంతకుడు దొరకలేదు. ఆమెకు ఎంత ఆనందంగా ఉందంటే, రంజితకు రోజూ ఒక అప్పడం ఎక్కువ వేసింది.

అంతలో ఆదివారం యువరాజ్ వచ్చి, హార్బర్ దగ్గర మీంజూరులో ఇల్లు దొరికిందని, శుక్రవారం సామాన్లతో సహా రంజితను తీసుకుపోతానని చెప్పాడు.

"శుక్రవారమా? కత ఇంకా తేలలేదే!" అంది కుప్పమ్మ.

"ఏం కతమ్మా?"

"నీకు తెలీదులే. మే, ఎన్ని పేజీలుండాది ఇంకా?"

రంజిత పుస్తకం వేళ్ళతో పట్టి చూసింది. "శానా ఉండాది అత్తా."

సోమవారం, మంగళవారం కుప్పమ్మ కొరడా పట్టుకోలేదు గానీ మిగతాదంతా చేసింది. అంట్లు తానే తోమింది, రంజితను కూర్చోబెట్టి చదివించింది. ఎంత చదివించినా కనకమ్మ ఇంట్లోవాళ్ళు సామాన్ల గది వాకిలి వదలడం లేదు. ఇప్పుడు కనకమ్మ చెల్లెలికి ఏవో గుర్తుకొస్తున్నాయి. "పోలీసోళ్ళను పిలవరా ఈ ముండలు?" అని కుప్పమ్మ అరిచింది. "పిలుస్తారత్తా, చెల్లెలి కత కానీ" అంది రంజిత. ఈ లెక్కన శుక్రవారానికి హంతకుడు దొరికేది కల్ల. కోడలు పోతుంది, కతా పోతుంది.

బుధవారం రంజిత ఏవో కొనాలని తిరుత్తణి పోయింది. కుప్పమ్మ ఆమె గదిలో దూరి, అట్ట వేసిన ఆ పుస్తకం కొంగులో దాచుకుని, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న సెల్వి దగ్గరికి పరుగున పోయింది. సెల్వి అరవ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, అవసరమైనప్పుడు మాట్లాడుతుంది.

"సెల్వీ, ఆఖరి పేజీ చదువు. ఎవురు చంపినారో అది మాత్రం చెప్పు, చాలు."

సెల్వి మిషను ఆపి ఆఖరి పేజీ తీసింది. "తలైమేలె బల్లి విళుందా కలహం" అని చదివింది.

"బల్లి పడిందా? ఎవురి తల మీద? కనకమ్మ తల మీదనా?"

"తెరియలక్కా, ఎవురి తలో తెలీదు. వలదు తోళ్... కుడి బుజం మీద పడితే గెలుపు అని ఉంది."

కుప్పమ్మ బుర్ర గిర్రున తిరిగింది. "బల్లి విషమే! కాఫీలో బల్లి వేసినారు! అప్పుడు పాలామే అయింటాది! ఇంకా చదువు!"

సెల్వి ఆమె వంక అదోలా చూసి, ముందు పేజీలు తిప్పింది. ప్రతి పేజీలో గళ్ళు, గళ్ళలో అంకెలు. ఆ అంకెల పక్కన లావు అక్షరాల్లో ఉన్నదాన్ని వేలుపెట్టి చదివింది. "నల్ల నేరం, ఒంబదే కాల్ ముదల్ పత్తే కాల్ వరై." అంటే తొమ్మిదింబావు నుంచి పదింబావు దాకా. అట్ట విప్పి చూసి, నవ్వు ఆపుకోలేక మిషను మీద పడిపోయింది. "ఇదు కదై ఇల్లక్కా, కత కాదు! పంచాంగం! పెరియపాళయం గుడి దగ్గర అమ్ముతారే, అది!"

నల్ల నేరం. అరవంలో మంచి సమయం. కుప్పమ్మ వంటింట్లో వేలాడే దినసరి క్యాలెండరు మీద ప్రతిరోజూ ఉంటుంది, పుట్టినప్పటి నుంచి ప్రతి పెళ్ళిలో, ప్రతి పాలు పొంగించే వేళ వింటున్న మాటే. ఆమె కూడా ఇంట్లో 'శానా నేరమయింది, అన్నం తినండి' అనే మనిషే. మర్డరు కోసం మొహం వాచి ఉన్న మనిషి కాబట్టి, ఆ ఒక్క పూట మాత్రం మాటను తెలుగులో విన్నది.

దారంతా ఆమెకు మండిపోయింది. మూడు వారాలు! రాహుకాలం పట్టీ ముందు పెట్టుకుని, ఒక్క చోట తడబడకుండా, మూడు వారాలు ఆ పిల్ల తనని కూర్చోబెట్టి చెవిలో పువ్వు పెట్టింది. పుస్తకం తీసిన చోటే పెట్టేసి, మర్నాడు మూడున్నర కోసం కాచుకుంది.

గురువారం మూడున్నరకు రంజిత వచ్చి మామూలుగా పుస్తకం తెరిచింది. కుప్పమ్మ కాళ్ళు చాపుకుని, "ఈ పొద్దు రాహుకాలం ఎన్నింటికే?" అంది.

"ఒకటిన్నర నుంచి మూడు అత్తా" అని పేజీ చూసి చెప్పి, రంజిత నాలుక కరుచుకుంది. బల్ల మీద తువ్వాలు కదలడం మానేసింది.

"ఎవురు రాసినారే ఈ కత?"

"ఎవురూ రాయలేదత్తా." రంజిత పుస్తకం మూసేసింది. "నువ్వు పుస్తకాల కోసం అట్లా అల్లాడతా ఉంటే చూడలేక... ఏదో ఒకటి చెప్పి చూద్దామని. మొదటి రోజు నువ్వు నవ్వినావు. నాతో నువ్వు నవ్వింది అదే మొదులు. అందుకని ఆపలేదు."

"నీ సొంతంగా అల్లినావా? అంతా?"

రంజిత తల ఊపింది. కుప్పమ్మ కోపం ఉన్నపళంగా ఎటో పోయింది. ఎన్నేళ్ళకు ఒక మనిషి తనని మోసం చేసింది! అదీ రోజూ తన కంటికెదురుగా తిరిగే మనిషి. "ఓసి నీ కడుపు సల్లగుండ, నువ్వా!" అని పెద్దగా అరిచింది. వెంటనే గొంతు తగ్గించి ముందుకు వంగింది. "సరే, అయ్యిందేదో అయింది. ఎవురు చంపినారో చెప్పు."

"నాకూ తెలీదత్తా."

"తెలీదా! చంపిందానివి నువ్వు, నీకు తెలీదా?"

"నిజంగా తెలీదు. రోజుకొకరి మీద నువ్వు చెప్తా వచ్చినావు, అందరూ సరిగానే ఉండారు అనిపించింది."

కుప్పమ్మ ఆ రాత్రి కూడా పాలావిడనే అనుమానిస్తూ పడుకుంది.

శుక్రవారం పొద్దున రంజిత మూటలు కట్టే హడావుడిలో కాఫీ తెచ్చి చేతికిచ్చింది. పలచగా ఉంది. కుప్పమ్మ ఒక్క గుక్క తాగి నోరు తెరిచింది. "ఇది కాఫీనా..." అంది. గుడ్డలు పిండిన నీళ్ళా అనబోయి, ఆ మాట కనకమ్మది కదా అని ఆగింది.

రంజిత ఎదురుగా నిలబడే ఉంది. గ్లాసు కోసం చెయ్యి చాచి అట్లాగే ఉంది.

కుప్పమ్మ గ్లాసుతో సహా పెరట్లోకి పోయి తిన్నె మీద కూలబడింది. తన అప్పడాల డబ్బా గుర్తొచ్చింది. చెంబు కడగడం గుర్తొచ్చింది. పోయిన దీపావళికి యువరాజ్, రంజిత సినిమాకు తయారై నిలబడితే తనకు పట్టుకున్న గుండెనొప్పి గుర్తొచ్చింది. దండేసి ఊరేగించమన్నది ఎవరు? తానే. కారణం లేనోడు ఒక్కడూ లేడన్నది ఎవరు? అదీ తానే. ఎవరో చెబితే కొట్టిపారేసేది, ఇది మూడు వారాలు తానే దగ్గరుండి రుజువు చేసింది. ఏడుపొచ్చింది. తనని ఎవరు చంపారో తేలలేదని ఏడవాలా, ఎవరైనా చంపి ఉండొచ్చని ఏడవాలా ఆమెకు తెలియలేదు.

దేవరాజులు వేపపుల్ల నములుతూ అటు వచ్చి, పెళ్ళాం కళ్ళు చూసి నిలబడిపోయాడు.

"ఏమయ్యా, నేనట్లా ఉంటానా?"

"అంటే..."

"సగంలో ఆపబాక! నిండుగా చెప్పు!"

దేవరాజులు పుల్ల తీసి పక్కన ఊశాడు. ఇంత అవకాశం ఆయనకు పెళ్ళయినప్పటి నుంచి రాలేదు. "మన కోడలు పాప శానా మంచిది. కొంచిం తగ్గించే చెప్పింది" అన్నాడు.

వాకిట్లో యువరాజ్ తెచ్చిన కుట్టియానై బండి, అదే, సామాన్లు మోసే చిన్న ట్రాలీ, బీరువాతో, పరుపుతో నిండిపోయింది. అతను తాడు బిగిస్తూ, పొద్దెక్కితే రోడ్డంతా లారీలే అని తొందరపెడుతున్నాడు. రంజిత వచ్చి అత్త కాళ్ళకు మొక్కింది. "తప్పయిపోయిందత్తా" అంది. ఏ తప్పో చెప్పలేదు.

కుప్పమ్మ ఆమెను రెక్క పట్టుకుని బండి వెనక్కు లాక్కుపోయింది.

"మే, ఆ శవాన్ని ఎవురన్నా ముట్టి చూసినారా?"

"ఏ శవాన్ని?"

"కనకమ్మనే! మొగుడు తొంగి చూసినాడు, కొడుకు అరిసినాడు, పాలామె చెంబు పడేసింది. ఒక్కరన్నా నాడి పట్టి చూసినారా? ముక్కు కాడ చెయ్యి పెట్టినారా?"

రంజిత కనుబొమలు ముడిచి ఆలోచించింది. "లేదత్తా. అందరూ వాకిట్లోనే నిలబడినారు. లోపలికి ఎవురూ పోలేదు."

"డాక్టరు?"

"ఇంకా రాలేదు."

"అట్లయితే చచ్చిందని ఎవురు చెప్పినారు? నూర్లకు నూర్లు పుస్తకాలు చదివినదాన్ని చెప్తాండా, నాడి చూడకుండా ఎవురినీ చచ్చినట్టు ఒప్పుకోకూడదు. ఆయమ్మకు ఇంకా ఊపిరి ఉండాది."

రంజిత కళ్ళు పెద్దవి చేసుకుని అత్త మొహంలోకి చూసింది. యువరాజ్ ముందు నుంచి హారను కొట్టాడు. ఇద్దరూ వినిపించుకోలేదు.

"అట్లనే అత్తా" అంది రంజిత మెల్లగా. "బతికుండాది. కోడలు లోపలికి పోయి మొహాన నీళ్ళు చల్లుతుంది. ఆయమ్మ కండ్లు తెరిచి కోడలి దిక్కు చూస్తుంది. చూసి, ఏమంటుంది?"

కుప్పమ్మ పట్టుకున్న రెక్క వదల్లేదు.

"అదే తెలీలేదమ్మీ" అంది. "ఇన్నేండ్లూ తిట్లు తప్ప ఆయమ్మ నోట్లో ఇంకేం మాట ఉన్నింది గనక? ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ లోపల ఆలోచించి పెడతా."